సగం తిరిగిన బల్ల

గొడుగు పిడిని కొమ్మకు తగిలించి పూరింగ్ ఒక్క లాగు లాగింది. పచ్చి నారింజలు టపటపా రాలాయి. ఒకటి దొర్లుకుంటూ పోయి, ఆగి ఉన్న కారు కింద దాక్కుంది. ఆమె వంగి, గొడుగు మొనతో దాన్ని కూడా బయటికి ఈడ్చింది. మోకాళ్ళు కిర్రుమన్నాయి. ఆదివారం పూట వాటి గోల వినే అలవాటు ఆమెకు లేదు.

రెండో అంతస్తు బాల్కనీలోంచి గ్రీకు ముసలాయన ఏటా అరిచినట్టే అరిచాడు.

"అమ్మాయ్! అవి తినే కాయలు కావు! పరమ చేదు! వీధి అందంగా ఉండాలని వేశారు!"

"వీధికి అందం మీరున్నారుగా తాతా," అంది పూరింగ్ గ్రీకులోనే, సంచి మూతి ముడేస్తూ.

ముసలాయన నవ్వు దాచుకోడానికి లోపలికి పోయాడు. ఆ చెట్టు కాయలు ఏ పులుసులో పడుతున్నాయో ఆయనకి ఇన్నేళ్ళలో తెలియలేదు. ఇక తెలియదు కూడా. ఈ రోజే ఆఖరు కోత. సాయంత్రానికి పూరింగ్ విమానంలో ఉంటుంది, మళ్ళీ రాదు.

ఆమెకు బాప్తిస్మంలో పెట్టిన పేరు ప్యూరిఫికసియోన్. అది పూర్తిగా పలికేలోపు బస్సు ఒక స్టాపు దాటిపోతుందని తన దేశంవాడే అయిన బాదోంగ్ అంటాడు. పొట్టి మనిషి. ముందుకన్నా పక్కలకి ఎక్కువ పెరిగింది. జుట్టుకి వేసుకున్న నల్లరంగు ఎడమ చెవి మీద కూడా కాస్త ఉంటుంది. బాత్రూములు కడిగే మందుకి వేళ్ళ కొసలు తెల్లబడి, ముడతలుపడి, ఎప్పుడూ ఇప్పుడే నీళ్ళలోంచి తీసినట్టుంటాయి. ఒంటి మీది ఆకుపచ్చ కోటు యజమానురాలు ఇచ్చింది. చేతులు పొడుగు కాబట్టి మడిచి తొడుక్కుంటుంది. ప్రయాణం కోసం కొనుక్కున్న తెల్లటి బూట్లు మాత్రం అచ్చంగా ఆమెవి. నిన్న రాత్రి వాటిని మంచం మీద పెట్టుకుని చూసుకుంది.

వెళ్ళిపోతున్నందుకు ఆమెకు దిగులేమీ లేదు. తన దేశంలో, పాణాయ్ ద్వీపంలో, సముద్రానికి కూతవేటు దూరంలో, తన డబ్బుతో కట్టిన ఇంటికి పైకప్పు పడింది. బాతులు పెంచుతుంది. పొద్దెక్కేదాకా నిద్రపోతుంది. ఎవరైనా గంట కొట్టి పిలిస్తే, ఆ గంట తీసుకుని సముద్రంలో పడేస్తుంది. ఇవన్నీ తేలిపోయిన సంగతులు. తేలనిది ఒకటే. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు.

టికెట్ల కుర్రాడు సోమవారం పొద్దున్న విమానం చూపించాడు. "ఖాళీగా పోతుందమ్మా, కిటికీ సీటు ఇస్తాను," అన్నాడు. ఆమె వద్దంది. ఆదివారం, అదీ మధ్యాహ్నం భోజనాల మధ్యలో లేచి వెళ్ళాల్సిన విమానమే కావాలంది. కుర్రాడు ఆమెను ఎగాదిగా చూశాడు.

వాళ్ళ వైపు ఒక నమ్మకం ఉంది. భోజనం మధ్యలో ఎవరైనా లేచి ప్రయాణమైతే, తింటున్నవాళ్ళంతా తమ కంచాల్ని ఉన్నచోటే ఒక చుట్టు తిప్పాలి. అప్పుడు వెళ్ళినవాళ్ళు క్షేమంగా చేరతారు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. తిప్పకపోతే ఏమవుతుందని అడిగితే మాత్రం ఆదివారాల స్నేహితురాలు దెలియా తన చీలమండ చూపిస్తుంది. ఒక ఆదివారం భోజనాల మధ్య, పాడితే మార్కులిచ్చే పాటల మిషను బాదోంగ్ గొంతుకి తొంభై ఎనిమిది మార్కులు వేసింది. మిషను చెడిపోయిందని కొందరు, చెవులు చెడిపోయాయని కొందరు కొట్టుకుంటుంటే, పనికి టైమైపోయిందని దెలియా తింటున్నవాళ్ళ మధ్యలోంచి లేచి వెళ్ళిపోయింది. ఒక్కళ్ళూ కంచం తిప్పలేదు. మెట్రో మెట్ల మీద కాలు మడతపడింది. ఇప్పటికీ కుంటుతుంది. తప్పు ఎత్తుమడమల చెప్పులదని బాదోంగ్ వాదన.

పూరింగ్ కోసం ఎప్పుడూ ఎవరూ కంచం తిప్పలేదు. తిప్పే అవకాశమే రాలేదు. ఆదివారం భోజనాలకి వంట ఆమెది. అందరూ తినేదాకా వడ్డిస్తుంది, ఎనామిల్ కంచంలో తన కూడు వేసుకుని పొయ్యి పక్కనే నిలబడి తింటుంది, గిన్నెలు తోమి, దీపం ఆర్పి, అందరికన్నా చివర వెళ్తుంది. గోడ అవతల ఎవరో లేస్తారు, వెంటనే కంచాలు బల్ల మీద గర్రుమని తిరుగుతాయి. చేతులు సబ్బు నురగలో ఉన్నా సరే, ఆమె కూడా తన కంచాన్ని మోచేత్తో తిప్పేది. అలా ఎందరినో ఊళ్ళకీ, ఓడలకీ, పెళ్ళిళ్ళకీ పంపింది.

ఆమె చెవిలో అంతకన్నా పాత చప్పుడు ఒకటి ఉంది. మొదటిసారి ఇల్లు వదిలిన రోజున అన్నదమ్ములంతా తింటున్నారు. వెళ్తున్నావా అని ఒక్కడూ అడగలేదు, తలెత్తలేదు. ఆమె గడప దాటగానే రేకు కంచాలన్నీ ఒక్కసారిగా చెక్కబల్ల మీద తిరిగాయి. ఆ మోటు మనుషుల దగ్గర అంతకన్నా మాటలు లేవు. ఆ చప్పుడు ఆమెను ఇక్కడిదాకా తెచ్చింది. వెనక్కి వెళ్ళేటప్పుడు కూడా అలాంటిది ఒకటి కావాలి. నోరు విడిచి అడిగితే మాత్రం దానికి విలువ ఉండదు. అడిగి తిప్పించుకునే కంచం గాలికి తిరిగినట్టే.

అంబెలోకిపి పేటలో వాళ్ళ ఆదివారపు ఇల్లు సగం నేలలోకి దిగి ఉంటుంది. వారమంతా ఎవరెవరి ఇళ్ళలోనో పడుకునేవాళ్ళు, సెలవు పూట కాళ్ళు చాపుకోడానికి కలిసి అద్దెకు తీసుకున్నది. పూరింగ్ మెట్లు దిగేసరికి వంటింటి గుమ్మానికి అడ్డంగా దెలియా నిలబడి ఉంది. ఒంటి మీద పూరింగ్ ఏప్రను.

"లోపలికి రాకూడదక్కా. ఇవాళ నువ్వు చుట్టానివి."

"పులుసులోకి కాయలు తెచ్చానే. జరుగు."

"కాయలిటు ఇవ్వు. నువ్వు అటు."

"నా గరిటె ఏదీ?"

"అన్నయ్య దాచేశాడు. నిన్ను వంటింట్లోకి రానిస్తే నీ ప్రయాణం రద్దవుద్దంట."

గదిలోంచి బాదోంగ్ గొంతు వినిపించింది. "రావే పెళ్ళికూతురా! బూట్లు చూపించు. అబ్బో, అవేం బూట్లే! విమానానికి వేరే లైట్లెందుకు, ఇవి కిటికీలోంచి బయటపెడితే చాలు!"

"నీ నోటికి తాళం ఎవడూ కనిపెట్టలేదు అన్నయ్యా," అంటూ పూరింగ్ లోపలికి అడుగుపెట్టి ఆగిపోయింది.

వాళ్ళ బల్ల నిజానికి ఒక తలుపు. బాదోంగ్ ఎక్కడో వీధిలో ఎత్తుకొచ్చి పెట్టెల మీద పరిచాడు. తాళం బిగించే పెద్ద కన్నం అలాగే ఉంది. ఆ కన్నంలోంచి ఒకసారి దెలియా ఒళ్ళోకి చల్లటి చేపతోక జారవిడిచిన ఘనత కూడా అతనిదే. ఇవాళ ఆ తలుపు కనిపించడం లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా అరిటాకులు పరిచారు. మధ్యలో గట్టుపోసినట్టు తెల్లటి అన్నం. దాని పక్కన వెనిగర్‌లో మగ్గిన పంది మాంసం, కాల్చిన చేపలు, ఆయుష్షు కోసం విరవకుండా వండిన సేమ్యా, రొయ్యలు, ముక్కలు కోసిన మామిడి. బల్ల చుట్టూ మనుషులు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఊళ్ళో పెద్ద పండగలకి ఇలాగే పెడతారు. అందరూ ఒకే ఆకు మీద, చేత్తో తింటారు. ఇంతకన్నా గౌరవం ఇంకోటి లేదు.

కంచాలు కూడా లేవు.

"ఈ ఆకులెక్కడివి?" అంది పూరింగ్. గొంతు మామూలుగానే ఉండేలా చూసుకుంది.

"మా దొరసాని తోటలోవి," అన్నాడు బాదోంగ్. "నేను తోటమాలినా కాదా? చెట్టుకి జలుబు చేసింది, చెవులు కోస్తే గాని తగ్గదన్నాను. పాపం, బాగా కొయ్యి నాయనా అంది."

అందరూ విరగబడి నవ్వారు. పూరింగ్‌ను తీసుకెళ్ళి బల్ల చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. ఎదురుగా, పైన, పొడుగాటి సన్న కిటికీ. అందులోంచి వీధిలో పోయేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఇంతకాలం వీళ్ళు కూడా తింటూ ఈ కాళ్ళు చూస్తూ ఉండేవారన్న మాట.

ఆమె ఊరుకోలేదు.

"మరి పులుసో? పులుసు ఆకు మీద ఎలా పోస్తారు? ఉండండి, నాలుగు కంచాలు తెస్తా."

"కాఫీ కప్పుల్లో పోశాం," అన్నాడు బాదోంగ్. "అన్నీ ఆలోచించే పెట్టామమ్మా, కూర్చో."

"చేప ముళ్ళు పారేసుకోడానికైనా..."

"కన్నం ఉందిగా!"

"నీకు మోకాళ్ళ నొప్పులా, కంచాల నొప్పులా?" అని ఎవరో అంటే మళ్ళీ నవ్వులు. పూరింగ్ కూడా నవ్వి, అన్నం ముద్ద చేసుకుని బొటనవేలితో నోట్లోకి తోసుకుంది. పులుసు తాగింది. నారింజ రసం కొంచెం తక్కువైంది. దెలియా ఆశగా చూస్తుంటే, "నాకన్నా బాగా కాచావే," అంది. ఇంత మంచి భోజనం ఎవరు పెడతారు? ఇంకా ఏం కావాలి మనిషికి? అని తనను తాను తిట్టుకుంది. తిడుతూనే, బల్ల మీద తిరగగలిగే వస్తువు ఏమైనా ఉందా అని చూసింది. ఏమీ లేదు.

కాసేపటికి కిటికీలో రెండు చక్రాలు వచ్చి ఆగాయి. టాక్సీ హారన్ కొట్టింది.

ఆమె లేచింది. అందరి చేతులూ ఎంగిలి, నూనె. చేతులు గాల్లోకి ఎత్తి మోచేతులతోనే కౌగిలించుకున్నారు. ఎవరో ఏడ్చి, కళ్ళు తుడుచుకోబోయి మిరపకాయ రాసుకున్నారు. పెట్టె మెట్ల పైకి వెళ్ళిపోయింది. "ఇంకా తినండి, లేవకండి, చల్లారిపోద్ది," అంటూ పూరింగ్ గుమ్మం దాకా నడిచి, అక్కడ కోటు చేతులు మడుచుకుంటూ నిలబడింది. ఎప్పుడో మడిచేసిన చేతుల్నే మళ్ళీ మడిచింది.

దెలియా ముద్ద నోటి దగ్గరే ఆపింది. ముందు తన కాలు వైపు, తర్వాత బల్ల వైపు చూసింది.

"అయ్యో! కంచాలు!"

ఒక్కొక్కళ్ళే తమ ముందున్న ఆకు చూసుకున్నారు. తర్వాత అందరూ బాదోంగ్ వైపు తిరిగారు. ఆకుల ఆలోచన అతనిది. అతని ఎర్రటి ముఖం ఇంకా ఎర్రగా అయింది.

"పర్లేదులే అన్నయ్యా," అంది పూరింగ్. "ఏదో పాత..."

"నువ్వుండు!" అంటూ అతను లేచాడు. "లేవండ్రా అందరూ! బల్ల ఎత్తండి! బల్లే తిప్పుదాం!"

ఎత్తారు. అన్నం గట్టు, చేపలు, సేమ్యా, అన్నీ కలిసి గాల్లోకి లేచాయి. కప్పులు గలగలలాడాయి. ఎవరికి ఎడమ, ఎవరికి కుడి అని గొడవ మొదలైంది.

"కుడికి రా!"

"నా కుడివైపా, నీ కుడివైపా?"

"దేవుడి కుడి, పద!"

"అటు కాదురా, మిషను మీద పడుద్ది! వంచకండి, మామిడి ముక్కలు పోతున్నాయ్! దెలియా, నీ కాలు చూసుకో!" పూరింగ్ గుమ్మంలోంచి అరుస్తోంది, గరిటె లేని చేత్తోనే దారి చూపిస్తూ. ఇంత మంది ఒక్క తలుపును పట్టుకుని, ఆయాసపడుతూ, తన కోసం తిరుగుతున్నారు. గట్టిగా నవ్వింది. నవ్వులో కళ్ళు మసకబారాయి.

బల్ల సగం తిరిగి, ఒక మూల ఫ్రిజ్‌కీ ఇంకో మూల గోడకీ తన్నుకుని ఆగిపోయింది. తోశారు, లాగారు. కదల్లేదు.

"సగమే తిరిగింది," అంది దెలియా భయంగా. "సగానికి అక్క ఎంత దూరం పోద్ది?"

"దుబాయ్ దాకా పోద్ది," అన్నాడు బాదోంగ్, రొప్పుతూ. "అక్కడ విమానం మారాలిగా. అక్కడే షేక్‌ని చేసుకుని ఉండిపోవే."

"నీకు పెళ్ళిపిలుపు పంపిస్తాలే. బల్ల దింపండి, చేతులు పడిపోతాయి," అంది పూరింగ్.

హారన్ మళ్ళీ మోగింది. ఆమె మెట్లెక్కింది. వెనక నుంచి పాటల మిషను మొదలైంది. ఎవరో శ్రుతి లేకుండా అందుకున్నారు.

బయట ఎండ చల్లగా ఉంది. డ్రైవరు పెట్టెను డిక్కీలో ఇరికించడానికి తంటాలు పడుతున్నాడు. టాక్సీ వెనకగా, కాలిబాటకు ఆనుకుని, వంటింటి కిటికీ. దాని లోపలి నుంచి ఎన్ని చెప్పులు చూసిందో లెక్కే లేదు గాని, బయటి నుంచి ఒక్కసారీ తొంగిచూడలేదు. బూటు తాడు బిగించుకునే వంకతో పూరింగ్ వంగింది. మోకాళ్ళు కిర్రుమన్నాయి.

లోపల బాదోంగ్ ఒక్కడే ఉన్నాడు. ముంజేతుల దాకా అన్నం మెతుకులు. స్వెటర్ లోపలి నుంచి ఆమె గరిటె తీసి, దాని కొక్కేనికి తగిలించాడు. తర్వాత ఆరబెట్టిన గిన్నెల్లోంచి ఆమె ఎనామిల్ కంచం తీసి గట్టు మీద పెట్టాడు. అంచున పెచ్చు ఊడిన చోటు గోడ వైపుకి ఉండేలా సరిచేశాడు. ఆమె ఎప్పుడూ అలాగే పెట్టుకునేది. అది అతను ఎప్పుడు చూశాడో ఆమెకు తెలియదు. ఒక వేలు అంచు మీద ఆనించి, నెమ్మదిగా, తొణక్కుండా తిప్పాడు. ముఖంలో వేళాకోళం ఎక్కడా లేదు. సగం తిప్పి ఆపేశాడు.

దుబాయ్ నుంచి ఇంటిదాకా అంతే దూరం.

కిటికీ నిండా తెల్లటి బూట్లు నిలబడి ఉన్నాయి. అతనికి కనిపించకుండా ఉండవు. తలెత్తలేదు. మెతుకుల చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, తొంభై ఎనిమిది మార్కుల గొంతుతో కేకపెట్టి గదిలోకి పోయాడు.

పూరింగ్ లేచి టాక్సీ ఎక్కి తలుపు వేసుకుంది. "పోనీ బాబూ," అంది.

ఖాళీ వంటింట్లో, గట్టు మీద, పెచ్చు ఊడిన అంచు వీధి వైపుకి తిరిగిన కంచం ఇంకా కాస్త ఊగుతూనే ఉంది.