పిడి లేని తలుపు

"కుర్చీ ఏస్తె హాలు అందమంత పోతది సారమ్మా," అన్నాడు మేనేజరు శివశంకర్.

గద్వాలలో కొత్తగా కట్టిన ఆర్ట్ మ్యూజియంలో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నిలబడి గోడలు తుడవడం సారమ్మ పని. తెల్లటి గోడలు, బూడిదరంగు నేల, అంత పెద్ద హాలుకు మూడంటే మూడు బొమ్మలు. ఖాళీయే అక్కడి అందమట. ఆ ఖాళీలో తన అడుగుల చప్పుడే వెనక ఎవరో వస్తున్నట్టు వినబడి, మొదటి వారమంతా ఆమె తిరిగి తిరిగి చూసుకుంది. ధరూరు నుంచి షేర్ ఆటోలో వచ్చేసరికే ఇంట్లో ఒక పూట చాకిరీ అయిపోయి ఉంటుంది. కాళ్లు లాగుతున్నాయంటే భర్త మాసయ్య నవ్వాడు. "ఏసీల నిలవడేదానికి నొప్పులేంది?" పత్తి చేనులోనైనా గట్టు మీద కూర్చోనిచ్చేవాళ్లు. ఆ మాట ఆమె పైకి అనలేదు.

పెద్దవాళ్లు చూడటానికి వస్తే పనివాళ్లు కనబడకూడదు. అందుకోసం గోడలో కలిసిపోయేలా ఒక తలుపు పెట్టారు. పిడి లేదు, గడియ లేదు, కరెంటుతో తెరుచుకుంటుంది. దాని వెనక చీపుర్లు, బకెట్లు పెట్టే ఇరుకు గది. "లోపల్నన్న పిడి పెట్టియ్యి సార్, భయమైతది," అని రెండుసార్లు అడిగింది. "డిజైన్‌ల లేదు," అన్నాడాయన.

ఆ శుక్రవారం హైదరాబాదు నుంచి అతిథులు వచ్చారు. సారమ్మనూ, ఆమెతో పాటు ఊడ్చే పని చేసే, ఆరో నెల కడుపుతో ఉన్న అఖిలనూ గదిలోకి పంపి తలుపు మూశారు. కాసేపటికి కరెంటు పోయింది. తలుపు ఎంత నెట్టినా కదల్లేదు. ఫినాయిలు వాసనకు అఖిల ఎగపోయసాగింది. "అక్కా, దమ్మాడ్తలేదు."

సారమ్మ రెండు చేతులతో తలుపు బాదింది. బయట అడుగులు ఆగాయి.

"ఆ చప్పుడేమిటి?" ఎవరిదో ఆడగొంతు.

"అదీ ప్రదర్శనలో భాగమే మేడం," శివశంకర్ గొంతు, నింపాదిగా.

"చాలా బాగుంది," అన్నారెవరో.

సారమ్మ చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆయనకు తెలుసు. తామిద్దరూ లోపల ఉన్నారని తెలిసే అన్నాడు. ఒంట్లో బాగాలేదని చెప్పినప్పుడల్లా మాసయ్య టీవీ సౌండు పెంచేవాడు. "ఆడిదాని పానం గట్లనే ఉంటది," అనేది అత్త. తన మాట వాళ్లకు వినబడలేదనుకుంది ఇన్నేళ్లూ. ఇంకాస్త గట్టిగా చెబితే వింటారేమో అనుకుంది. అందరికీ వినబడుతూనే ఉందన్నమాట.

అఖిల ఆమె మీదికి ఒరిగిపోయింది.

తలుపు తెరుచుకునేసరికి అరగంట దాటింది. అఖిలను ఎక్కించిన ఆటో దాకా శివశంకర్ వచ్చాడు. "దవాఖానల కండ్లు తిరిగి పడ్డదని చెప్పు. నీ నౌకరి సంగతి నేను చూసుకుంట."

నర్సు అఖిల పొట్ట మీద మిషను పెట్టి చాలాసేపు వెతికింది. చివరికి గుండెచప్పుడు దొరికింది, సన్నగా. అప్పుడు కాగితం అందుకుని అడిగింది. "ఏమైంది? కింద పడ్డదా?"

సారమ్మ చేతిలో ఫోను మోగింది. శివశంకర్. ఆమె కట్ చేసింది.

"పడలే మేడం. మమ్ముల లోపలేసి తలుపేసిండ్రు. మేం కొట్టేది ఇనుకుంటనే బయట నిలవడ్డరు. గిట్లనే రాయుండ్రి. చెప్పింది సారమ్మ అని నా పేరు గూడ రాయుండ్రి."