కబూల్ ప్రాక్టీసు

నాకు నత్తి. లోపల మాత్రం నా అంత వాగుడుకాయ గురజాల మొత్తం మీద దొరకడు. రాయమంటే పేజీలు రాస్తా, మాట్లాడమంటే మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసుద్ది. మాది మోటార్ వైండింగ్ షాపు. ఒకాయన వచ్చి "ఏంది రసూలూ, నా మోటారు సంగతి?" అంటాడు. రెడీ అందామని "రె... రె..." అంటుంటే, "రేపా? సరే, రేపొస్తాలే" అని బండెక్కి పోతాడు. ఒళ్ళు మండిపోద్ది. నా నోట్లో మాట లాక్కోవడానికి నువ్వెవడివయ్యా! అదీ అనలేను.

అందుకే ఫోన్లో నత్తి ఉన్నోళ్ళ గ్రూపులో చేరా. రెండొందల మందిమి, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసింది లేదు. రాతలో నత్తి ఉండదు గదా, అందరికీ నేనే ధైర్యం చెప్పేవాణ్ణి. "దాచకు అన్నా. దాచేకొద్దీ ఇంకా బిగుసుకుద్ది. ముందే చెప్పెయ్" అని. ఒడ్డున కూర్చొని ఎన్ని కబుర్లయినా చెప్పొచ్చు.

మొన్న ఫిబ్రవరిలో వినుకొండ సంబంధం కుదిరింది. పిల్ల పేరు షబ్నం, ఇంట్లోనే మిషను కుడుద్ది. అంతకుముందు మూడు సంబంధాలు నేను నా పేరు చెప్పలేకనే పోయినయ్. అందుకని ఈసారి పెళ్ళిచూపుల్లో మా వదిన జైనాబ్ బీ నన్ను నోరెత్తనియ్యలా. "మా మరిది చానా సిగ్గరి" అని అన్నిటికీ తనే జవాబు చెప్పింది. నేను తలకాయ ఊపా. షబ్నం నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటా పది రోజులు మోటార్లకు తీగ చుట్టా.

నిఖాలో మాత్రం కబూల్, అంటే ఒప్పుకున్నా అని, మూడుసార్లు నేనే అనాల, అక్కడ వదిన పనికిరాదు. గ్రూపులో పెట్టా, సాయం చెయ్యండయ్యా, నెలలో నిఖా అని. నర్సరావుపేట రాజారత్నం మాస్టారు వెంటనే ఫోన్ చేశాడు. ఆయనకీ నత్తే. రోజూ పొద్దున ఆరింటికి చర్చికి పోయే ఆ మనిషి నాకు నిఖా చదివించే ఖాజీ అయ్యేవాడు. "ష... షబ్నంను క... కబూల్ చేస్తున్నావా నాయనా?" అనేవాడు. ఒక ప్రశ్నకీ ఒక జవాబుకీ పావుగంట. ఎంతసేపు పట్టినా మాట అందించేవాడు కాదు. ఇరవై రోజులకు మూడు కబూళ్ళూ తడుముకోకుండా వచ్చినయ్. మాస్టారు ఏడ్చేశాడు.

ఇంకో వారం ఉందనగా, మధ్యాన్నం షాపులో ఉంటే షబ్నం ఫోన్ చేసింది. అదే మొదటిసారి. "నేనండీ... మీ షేర్వానీ నేనే కుడతా. కొలతలు చెప్తారా?" అంది. ఓరి దేవుడా, నేను నేర్చుకుంది కబూల్ ఒక్కటే! చెప్తా అందామంటే "చె" కూడా బయటికి రాలా. "హలో? హలో?" అని పెట్టేసింది. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. మూడోసారి, "నాతో మాట్లాడటం ఇష్టం లేదా అండీ?" అంది. గొంతులో ఏడుపు.

నా మీద నాకే అసహ్యమేసింది. లోకానికంతా దాచకు అని చెప్పే వెధవని, ఈ పిల్ల దగ్గరే దాచా. "నా... నాకు న... న... నత్తి" అన్నా.

 ఆమె మెల్లగా, "నత్తయితే ఏముందండీ. మరి ఆరోజు అందరూ కలిసి నా దగ్గర ఎందుకు దాచారు?" అంది.

జవాబు ఉంది నా దగ్గర. భయం. ఒక్క మాట. "భ..." దగ్గరే ఆగిపోయా. అబద్ధం చెప్పకూడదు, ఆమె నా జవాబు కోసం చానాసేపే చూసింది. చూసి చూసి పెట్టేసింది. సాయంత్రం వాళ్ళన్న మా అన్నకు ఫోన్ చేసి, ఈ సంబంధం వద్దులెండి అన్నాడు. "నిన్నెవడు చెప్పమన్నాడురా?" అని వదిన నెత్తి కొట్టుకుంది.

గ్రూపులో మాత్రం "అమ్మాయికి నత్తి సంగతి చెప్పేశాను" అని పెట్టా. ఒకటే చప్పట్ల బొమ్మలు! భేష్ రసూల్ అన్నా, నువ్వే మాకు ధైర్యం అని. సంబంధం ఏమైందని ఒక్కడూ అడగలా. మాస్టారు ఫోన్ చేస్తే నేనే ఎత్తలా. ఇరవై రోజులు ఆరింటికి లేచిన అలవాటు గదా, మెలకువ వచ్చేది, ఊరికే కూర్చునేవాణ్ణి.

నాలుగో రోజు గ్రూపులో కొత్తాయన, మాచర్ల నవీద్ అంట, "నాకు సంబంధం చూస్తున్నారు. నత్తి సంగతి చెప్పాలా, దాయాలా? రసూల్ అన్న చెప్పాల" అని రాశాడు. "చెప్పెయ్ తమ్ముడూ, ఏం కాదు" అని రాశా. ఏం కాదంట! చెరిపేశా. "చెప్పకు" అని రాశా. అదీ చెరిపేశా. చివరికి అతనికి ఫోన్ కలిపా.

"నే... నేను ర... రసూల్‌ని. నా సం... సంబంధం పోయింది. చె... చెప్పినందుకు కాదు, మొ... మొదటే చె... చెప్పనందుకు."

అవతల నవీద్ ఏదో అనబోయి "అ... అ..." దగ్గర ఆగిపోయాడు. అన్నా అనబోయాడో, అయ్యో అనబోయాడో. కష్టపడుతున్నాడు, ఊపిరి వినబడుతుంది.

"మెల్లగా చెప్పు. నాకు తొందరేం లేదు, నా కోసం చూసేవాళ్ళు ఎవరూ లేరు" అన్నా.

పాపిష్టి నోరు, ఆ మాట మాత్రం ఒక్క తడబాటు లేకుండా చెప్పింది.