చింతమొద్దుకు పట్టిన నూనె

తలకు పసుపుపచ్చ హెల్మెట్, కళ్లకు ప్లాస్టిక్ అద్దాలు, చేతులకు తోలు గ్లోవ్స్, మోకాళ్లకు కూతురి స్కేటింగ్ ప్యాడ్లు. ఇంత వేషం వేసుకుని సాయిప్రకాష్ పెరట్లో పడి ఉన్న చింతచెట్టు చుట్టూ మూడోసారి తిరిగాడు. చేతిలో ఆన్‌లైన్లో తెప్పించిన, గొలుసు తిరిగే కరెంటు రంపం ఉంది. దాన్ని ఇంకా ప్లగ్గుకు తగిలించలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న సుభాషిణికి, మరిది చెట్టును కోయడానికి వచ్చాడో, దానితో ఫొటో దిగడానికి వచ్చాడో అర్థం కాలేదు.

ఫొటోల సంగతి తోడికోడలు ప్రవల్లిక చూసుకుంటోంది. నీడలో కుర్చీ వేసుకుని ఫోనుతో వీడియో తీస్తోంది.

"హెల్మెట్ కొంచెం పైకి జరపండి, మొహం కనిపించడంలేదు."

"పనిలో ఉన్నప్పుడు డిస్టర్బ్ చెయ్యకు ప్రవల్లికా," అన్నాడు సాయిప్రకాష్, హెల్మెట్ పైకి జరుపుకుంటూ.

ఫరీదాబాద్‌లో సుభాషిణి వాళ్ల ఇంటి వెనక ఆ చెట్టు రెండేళ్లుగా ఎండి నిలబడి ఉంది. బుధవారం సాయంత్రం దుమ్ము లేపుతూ వచ్చిన ఆంధీ గాలికి కూలింది. కట్టెలవాడు వచ్చి మొత్తం పట్టుకుపోతానన్నాడు. సుభాషిణి ససేమిరా అంది. ఎనిమిదేళ్లుగా ఆమె నోయిడా నుంచి గురుగ్రామ్ దాకా ఉన్న తెలుగు ఇళ్లకు వేసవిలో ఆవకాయ పెట్టి ఇస్తోంది. టెంకతో సహా కాయ కొట్టాలంటే కింద చింతమొద్దు ఉండాలి. దానిమీద కత్తి దిగుతుంది కానీ పొట్టు లేవదు. ఈ ఊళ్లో ఆమెకు చింతమొద్దు దొరకలేదు. ప్లైవుడ్ మీద కొట్టింది, షీషమ్ చెక్క మీద కొట్టింది. పోయిన ఏడాది నోయిడాలో ఉండే భవ్యశ్రీ అనే అమ్మాయి అన్నంలో వచ్చిన చెక్కపేడు ఫొటో పంపి, "ఆంటీ, ఇది దాల్చినచెక్కా?" అని అడిగింది. పాపం, నిజంగానే అడిగింది. సుభాషిణి రెండు రోజులు ఫోను ముట్టలేదు. ఈసారి అందరికీ చింతమొద్దు మీద కొట్టిన ముక్కలేనని మాట ఇచ్చేసింది. ఆజాద్‌పూర్ మండీ నుంచి కాయలు రేపు పొద్దున్నే వస్తాయి.

చెట్టు పెద్దదే అయినా కాండం చాలావరకు బోలు. చెద తినగా గట్టిగా మిగిలింది మధ్యలో రెండడుగులు. అందులో రెండు మొద్దులు వస్తాయి.

మండీవాడి ఫోను రావడంతో ఆమె లోపలికి వెళ్లింది. కాయ పులుపుగా ఉండాలి, పీచు ఉండాలి, పండు ఛాయ ఉంటే తిప్పి పంపుతానని హిందీలో రెండుసార్లు చెప్పింది. అవతలివాడు "ఠీక్ హై దీదీ" అనేలోపే పెరట్లో రంపం గుర్రుమంది. బేరం ముగించి, ఫోను పెట్టేసి బయటికి వచ్చేసరికి మొదటి మొద్దు కిందపడి ఉంది. దాని రెండు ముఖాలూ కాటుక పూసినట్టు ఉన్నాయి.

సుభాషిణి నేరుగా గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకేసింది.

"ఏం పోశావు దీన్లో?"

"ఆయిల్ వదినా. చైన్ తిరిగేటప్పుడు కిందున్న బార్‌కి, అంటే ఈ ఇనప పట్టీకి, రాసుకుని కాలిపోకుండా పొయ్యాలి," అన్నాడు సాయిప్రకాష్, క్లాసు తీసుకుంటున్నట్టు. అతను కారు విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ హెడ్. ఇంట్లో ఎవరు ఏమడిగినా పాఠంలాగే చెబుతాడు. "దీనికి వేరే చైన్ ఆయిల్ ఉంటుంది. అది మంగళవారానికి గానీ రాదు. అందుకని నా కారు సర్వీసింగ్‌లో తీసిన ఇంజిన్ ఆయిల్ తెచ్చా. చిక్కదనం సేమ్. అందరూ అదే పోస్తారు."

"కారు తాగి వదిలేసిన నూనె నా ఆవకాయ మొద్దు మీద పోశావు."

"మొద్దు మీద కాదు, మెషీన్‌లో పోశాను."

"మెషీన్‌లో పోసింది ఎక్కడికి పోతుంది? మెషీన్ మింగుతుందా? గొలుసు చిమ్మేదంతా చెక్క మీదకే కదా! చూడు నీ మొద్దు."

"అబ్బా, సర్ఫ్ వేసి రుద్దితే పోతుంది వదినా. ఇంత చిన్నదానికి ఏమీ కాదు."

సుభాషిణి వంగి మొద్దు ముఖం మీద వేలు రాసింది. అడ్డంగా కోసిన చెక్కకు నిండా సన్న రంధ్రాలే. పడిన నలుపు అప్పుడే లోపలికి దిగిపోయింది. వేలు వాసన చూస్తే మెకానిక్ షెడ్డు. రేపు దానిమీద కత్తి దిగిన ప్రతిసారీ ఆ నలుపు ముక్కకు అంటుతుంది. చెక్కపేడయితే ఏరి పారేస్తారు. దీన్ని ఎవరు ఏరతారు?

ఆమె భర్త పార్థసారథి అప్పటిదాకా ఫోనులో తల దూర్చి ఉన్నాడు. తమ్ముడికీ భార్యకూ మధ్య మాట పెరిగినప్పుడల్లా ఆయనకు ఫోనులో ఏదో ఒకటి చదవాల్సిన అవసరం పడుతుంది.

"చైన్ ఆయిల్ బదులు కనోలా వాడొచ్చంటున్నారు," అన్నాడు.

"అదేమిటి?"

"ఆవాల జాతే. అంటే మన పక్కింటివాళ్ల సర్సోం కా తేల్ లాంటిది."

"ఆ ఘాటు రెండేళ్లయినా మొద్దు వదలదు. వద్దు."

"ఆముదం అయితే బాగా జిగురుగా ఉంటుందట."

"ఆవకాయ తిన్నవాళ్లంతా బాత్రూం ముందు లైను కట్టాలా?"

ప్రవల్లిక కిసుక్కున నవ్వింది. పార్థసారథి ఇంకా చదివాడు. "మొన్న గారెలు వేయించిన నూనె మిగిలిందిగా, దండగ కాకుండా..."

"దాన్నిండా మాడిన పిండి ఉందండీ. నూనె దిగే చిల్లి మూసుకుపోతే మీ తమ్ముడు దానికి కూడా మీటింగ్ పెడతాడు."

ఆమె లోపలికి వెళ్లి నువ్వుల నూనె డబ్బాలోంచి చెంబుతో ముంచుకొచ్చింది. సాయిప్రకాష్ కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తాడు.

"వదినా, పూరీలు వేయిస్తున్నామా?"

"నువ్వు పోసినదానితో నేను ఆవకాయ కలపనా?"

"అది కాదు. ఇది పల్చన. చైన్ వేగానికి నిలవదు. ఎగిరిపోతుంది. బార్ వేడెక్కి పాడవుతుంది. నీకు తెలియదు."

"పల్చనయితే కోతకొకసారి నింపుకో. ఆపి ఆపి కొయ్యి. రెండు కోతలకు నీ బార్ చచ్చిపోదు. ఆవకాయలో పడే నూనె మొద్దుకు అంటితే నాకేమీ భయం లేదు. మిగతావన్నీ నువ్వు తిని చూపించు, అప్పుడు వాడదాం."

ఇరవై ఏళ్లుగా ఏ నూనె గరిటెకు అంటుకుంటుందో, ఏది జారిపోతుందో, ఏది మూకుడు అంచున బంకలా గట్టిపడుతుందో చూస్తున్న మనిషికి తెలియదట. అట్టపెట్టె మీద బొమ్మలు చూసిన మనిషికి తెలుసట.

నల్లనూనె ఒంపించింది. ట్యాంకులో కాస్త నువ్వుల నూనె పోసి తొలిపించింది. పాతగుడ్డతో చైన్ తుడిపించి, బార్ గాడిలో చేరిన నల్లటి పొట్టు స్క్రూడ్రైవరుతో తీయించింది. మళ్లీ నింపాక ప్లగ్గు పెట్టి, చెద తిన్న కొసను కోయమంది. మొదటి కోత బూడిద రంగుగా వచ్చింది. రెండోదీ కొంచెం అలాగే ఉంది. మూడోది చెక్క రంగులో పడింది.

"ఇప్పుడు ఉత్తినే తిప్పు," అంటూ నేలమీద న్యూస్‌పేపరు పరిచింది. రంపం కొనను కాగితానికి జానెడు ఎత్తున పట్టించింది. కాసేపటికి కాగితం మీద సన్నటి నూనెచార పడింది. నలుపు లేదు.

"దిగుతోందిగా?"

"దిగుతోంది," అన్నాడు సాయిప్రకాష్, ఒప్పుకోవడం అలవాటు లేని గొంతుతో.

మిగిలిన మొద్దు ఒక ముఖానికి పాత కోత నలుపు ఉంది. రెండు వేళ్ల మందాన ఆ బిళ్లను కోయించి అవతల పారేయించింది. నూనె మళ్లీ నింపించింది. అవతలి కొసను తెంచే రెండో కోత సగంలో సాయిప్రకాష్ రంపాన్ని బలంగా నొక్కబోయాడు.

"నొక్కకు. దాని పని దాన్ని చెయ్యనీ. నూనె వేడెక్కితే మళ్లీ నా చెక్కే కంపు కొడుతుంది."

అతను నొక్కడం మానేశాడు. మొద్దు దొర్లి పడింది. ముఖం ఎర్రగా, పొడిగా, అంచున సన్నటి నూనె మెరుపుతో ఉంది. పెరడంతా కొత్త గానుగ దగ్గర నిలబడ్డట్టు నువ్వుల వాసన. సుభాషిణి దాన్ని ఎత్తి గుమ్మంలో పెట్టుకుంది. ఒక్కటే మిగిలింది. ఒక్కటి చాలు.

నల్లమొద్దును కాలితో ప్రవల్లిక కుర్చీ వైపు దొర్లించింది.

"ఇది మీరు తీసుకెళ్లండి. మీరు మాంసం కొట్టుకోవడానికి పనికొస్తుంది."

"అయ్యో, మాకెందుకక్కా?" ప్రవల్లిక చీర కుచ్చిళ్లు పైకి లాక్కుని కాళ్లు వెనక్కి తీసుకుంది.

"సర్ఫ్ వేసి రుద్దితే పోతుందటగా. మీ ఆయనే చెప్పాడు."

"ఆయన చెబుతారులే. దానిమీద కొట్టింది నా పిల్లకి పెడతానా? ఛీ, పెట్రోలు బంకులా కంపు."

సాయిప్రకాష్ ఏమీ వినిపించనట్టు హెల్మెట్ సర్దుకున్నాడు. తర్వాత పెళ్లాం చేతిలోని ఫోను తనవైపు తిప్పించుకున్నాడు.

"హాయ్ ఫ్రెండ్స్. ఫుడ్ కాంటాక్ట్ ఉన్నచోట మినరల్ ఆయిల్ వాడకూడదు. అందుకే నేను బయో డిగ్రేడబుల్ వెజిటబుల్ ఆయిల్ సెలెక్ట్ చేశాను. ఇది నా ఓన్ రీసెర్చ్..."

పార్థసారథి భార్య వైపు భయంగా చూశాడు. సుభాషిణి మరిదిని పూర్తిగా చెప్పనిచ్చింది. లోపలికి వెళ్లి పాత టూత్‌బ్రష్షు, గిన్నెలో కిరసనాయిలు, గుడ్డపీలిక తెచ్చి అతని ముందు పెట్టింది.

"సెలెక్ట్ చేసినవాడివి ఇదీ తెలుసుకో. వంటనూనె ఇవాళ తుడవకపోతే బంకలా పట్టేస్తుంది. తర్వాత చైన్ తిరగదు. పన్ను పన్నుకీ రుద్దు." తోడికోడలి వైపు తిరిగింది. "ప్రవల్లికా, ఫోను ఆపకు. ఇది కూడా తియ్యి."