సగం వంతెన కింద

పెద్దాయన తాడు అందుకుని, వెనక్కి వాలి లాగాడు. బల్లకట్టు బద్ధకంగా కదిలింది. ఆ తాడు ఒరిసి ఒరిసి అతని అరచేతుల్లో గీతలు ఏనాడో చెరిగిపోయాయి. నీ చెయ్యి చూసి జాతకం చెప్పాలంటే బ్రహ్మతరం కూడా కాదని భార్య వెక్కిరించేది.

ఇవాళ ఆమె వెక్కిరించలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని చెక్కల మీద పడుకుంది. మామూలుగా అయితే ఎక్కిన సైకిళ్లు పడిపోకుండా కట్టేది, అవతలి ఒడ్డుకు కేకేసేది ఆమే. తెల్లవారుజామున నొప్పి మొదలైంది. తమ వైపు ఆసుపత్రికి ఒక పూట ప్రయాణం. అవతలి జిల్లాలోది దగ్గర. అంబులెన్సు అవతలి రేవు దాకా వచ్చి నిలబడింది.

ఒకప్పుడు ఇక్కడ జనం ఎండాకాలం నడిచి దాటేవారు. తర్వాత తాత తెప్ప, తండ్రి పడవ, తన బల్లకట్టు. చివరికి వంతెన వచ్చింది, అదీ సగమే. ఇవతలి జిల్లావాళ్లు తమ వాటా నది మధ్య దాకా కట్టి, రిబ్బను కూడా కత్తిరించి చేతులు దులుపుకున్నారు. అవతలివాళ్లు ఇదిగో అదిగో అంటూ ఏళ్లు దొర్లించారు. పని ఆగిపోయినందుకు పెద్దాయన లోలోపల సంతోషించాడు. తన కూటికి గండి పడలేదనుకున్నాడు. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

వంతెన నీడలోకి వచ్చాక ఆమె కళ్లు తెరిచింది.

"మెల్లగా లాగయ్యా. మళ్లీ నడుం పట్టేస్తుంది."

అతను వినలేదు. ఉన్న బలమంతా పెట్టి లాగాడు. తెల్లబండి కనిపిస్తోంది, వచ్చేశాం అని చెబుతూనే ఉన్నాడు. ఆమె ఊ కొట్టడం మానేసింది.

రేవులో ఆమెను దింపి రాళ్ల మీద పడుకోబెట్టారు. బండితో వచ్చినతను చాలాసేపు నాడి చూసి, ఆ చేతిని మెల్లగా కింద పెట్టాడు. పోయినవాళ్లను బండి ఎక్కించకూడదని, మీ జిల్లాకే తీసుకెళ్లాలని తల వంచుకుని చెప్పాడు. రాసుకోవడానికి ఒక్క మాట మాత్రం అడిగాడు.

"ఏ ఒడ్డున పోయింది పెద్దాయనా?"

"ఏ ఒడ్డూ కాదు బాబూ. మధ్యలో."

అతను ఆ చోటు ఖాళీగా వదిలేసి కాగితం మడిచాడు. ఇద్దరూ కలిసి ఆమెను మళ్లీ బల్లకట్టు మీదికి చేర్చారు. పెద్దాయన తాడు పట్టుకున్నాడు. ఈసారి ఆమె చెప్పినట్టే మెల్లగా లాగాడు. ఇంక తొందరేముంది? మొహం మీద ఎండ పడుతున్నా ఆమె పక్కకు తిరగలేదు.

తిరిగొచ్చేసరికి ఎండెక్కుతుందని ఆమె వెంట తెచ్చుకున్న గొడుగు, కట్టిన దారమైనా విప్పకుండా, అవతలి రేవు రాళ్ల మీదే ఉండిపోయింది.