కళ్ళు మూసుకోండి

బయట మైకులో యోగా టీచరు "ఊపిరి లోపలికి తీసుకోండి... నెమ్మదిగా వదలండి" అంటోంది. లోపల మంచం మీదున్న కుర్రాడికి ఆ రెండు పనులూ చేతకావడం లేదు.

వెంకటదుర్గ అతని చొక్కాని వీపు మీద నిలువునా కత్తిరించింది. గుడ్డ నెత్తురుకి అంటుకుపోయింది. సెలైన్ పోసి నానబెట్టి, కొంచెం కొంచెంగా లాగింది. కింద బెల్టు బకిల్ అచ్చులు, నలుచదరంగా, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఎడమ డొక్క నల్లగా ఉబ్బింది. అక్కడ వేలు ఆనగానే కుర్రాడు మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరిగాడు.

"ఏం జరిగింది బాబూ?"

"బాత్రూంలో జారిపడ్డానండి," అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు.

ఎనిమిదేళ్ళుగా వింటోంది ఆ మాట. ధవళేశ్వరం కాలవగట్టు మీదున్న ఈ ప్రైవేటు లా కాలేజీలో ఆమె ఒక్కతే నర్సు. ఒకప్పుడు విరిగిన బల్లలు పడేసుకున్న గదికి రంగులేసి, "మీ మనసు మాతో పంచుకోండి" అని గోడకి పోస్టరు అంటించి, వెల్‌నెస్ సెంటర్ అని పేరు పెట్టారు. దేశంలో ఇంకెక్కడా ఏ బాత్రూమూ ఇంత నున్నగా ఉండదేమో! దవడ పగిలినా జారిపడ్డమే, వేలు విరిగినా జారిపడ్డమే. రిజిస్టరు నిండా ఆమె చేతిరాతే. పోయినేడు పెద్దాపురం కుర్రాడు పెదబాబు చెవిలోంచి నెత్తురు కారుతూ వచ్చినప్పుడు కూడా అదే రాసింది. ఆ పిల్లాడు ఒక చెవి పోగొట్టుకుని ఇంటికెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు ఆమెకి. తెల్లారి మామూలుగానే డ్యూటీకి వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం.

"నీ పేరు?"

"ఉదయభాస్కర్ అండి. ఫస్టియర్. నిడదవోలు."

"జారిపడితే వీపు మీద బకిల్ అచ్చులు పడతాయా నాన్నా?"

ఆ 'నాన్నా' అన్న పిలుపుకి కుర్రాడి మొహం వంకర్లు పోయింది. ఏడుపులో ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

హాస్టల్ మూడో అంతస్తులో సీనియర్లు కోర్టు పెడతారు. దానికి బెంచి అని పేరు. మెస్‌లో సీనియర్‌ని 'మై లార్డ్' అనకుండా 'అన్నా' అంటే కేసు. ముద్దాయి తన కేసు తనే వాదించుకోవాలి. ఇవాళ పొద్దున టిఫినయ్యాక ఉదయభాస్కర్ వంతు వచ్చింది. వాడు రెండు రోజులు లైబ్రరీలో కూర్చుని పాయింట్లు రాసుకున్నాడు.

"బాగా ఆర్గ్యూ చేస్తే వదిలేస్తారనుకున్నానండి," అన్నాడు. "ఏ రూలు కింద నేరం అని అడిగానండి. ముందు నవ్వారు. జడ్జిగా కూర్చున్నాయన కంప్లైంట్ కూడా తనే ఇచ్చాడు కదా, అలా కుదరదన్నానండి. అప్పుడు బెల్టు తీశారు."

వెంకటదుర్గ కత్తెర బల్ల మీద పెట్టింది. పిచ్చి పిల్లాడు! అది నిజంగా కోర్టనే నమ్మాడు.

ఇంతలో అతను పక్కకి ఒరిగి బేసిన్‌లో వాంతి చేసుకున్నాడు. ఎర్రగా పడింది. ఆమె పొట్ట నొక్కి చూసింది. బల్లలా గట్టిగా ఉంది. వెంటనే 108కి ఫోన్ చేసింది.

ఫోన్ పెట్టేసేసరికి వార్డెన్ అప్పాజీ గుమ్మంలో ఉన్నాడు. మెడలో 'వెల్‌నెస్ వీక్' అని బ్యాడ్జీ వేలాడుతోంది.

"అంబులెన్స్ ఎందుకండీ బాబూ! చీఫ్ గెస్టు గారు పావుగంటలో ఇక్కడికే వస్తన్నారు. ఈణ్ణి వెనక గదిలో పడుకోబెట్టండి. బాత్రూమని రాసేసి సంతకం పెట్టండి."

"లోపల నెత్తురు కారతందండి. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళకపోతే పిల్లాడు దక్కడు."

"అక్కడికెళ్తే పోలీసు కేసవుద్ది మేడమ్. ఆ కుర్రాళ్ళు ఎవరి పిల్లలో మీకు తెల్దా ఏంటి?"

తెలుసు. వాళ్ళలో మొదటివాడు అప్పుడే లోపలికొచ్చాడు. ఫైనలియర్ రవితేజ, కాలేజీ కరస్పాండెంటు మేనల్లుడు. ఇస్త్రీ చొక్కా, జేబు మీద 'స్టూడెంట్ వెల్‌నెస్ కోఆర్డినేటర్' బ్యాడ్జీ, చేతిలో గులాబీ బొకే. బొకే బల్ల మీద పెట్టి, మంచం దగ్గరికెళ్ళి కుర్రాడి జుట్టు పట్టుకుని తల పైకెత్తాడు.

"ఏం చెప్పావురా ఈవిడకి?"

"ఏం లేదు మై లార్డ్..."

రవితేజ పిడికిలి బిగించి సరిగ్గా ఆ నల్లగా ఉబ్బిన చోటే గుద్దాడు. కుర్రాడి నోరు తెరుచుకుంది గానీ కేక రాలేదు. రెండోసారి చెయ్యెత్తేసరికి వెంకటదుర్గ మధ్యలోకి దూరింది. అతను మోచేత్తో ఒక్క తోపు తోశాడు. ఆమె వెళ్ళి మందుల బీరువాకి కొట్టుకుంది. అద్దం పగిలి నుదురు తెగింది. నెత్తురు కంట్లోకి దిగుతుంటే, చేతికందిన స్టీలు ట్రే ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి అతని మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడైంది. రవితేజ గావుకేక పెట్టి గోడకి జారబడ్డాడు.

"నా మీద చెయ్యి చేసుకుంటావా? ఏ సెక్షనో తెలుసా నీకు?"

"తెల్దు బాబూ. నువ్వు చదూకున్నావు కదా, నువ్వే చెప్పు."

అప్పాజీ రిజిస్టరు తెచ్చి ఆమె ముందు తెరిచాడు. పెన్ను మూత తీసి అందించాడు.

"మేడమ్, దణ్ణం పెడతాను. ఒక్క ముక్క రాసెయ్యండి. మనకి పిల్లలున్నారు."

ఆమె పెన్ను తీసుకుంది. ఉదయభాస్కర్ పేరు పక్కన 'బెల్టుతో కొట్టారు' అని రాసింది. పేజీలు వెనక్కి తిప్పి పెదబాబు పేరు వెతికింది. 'జారిపడ్డాడు' మీద అడ్డగీత కొట్టి, పక్కన 'ఇది అబద్ధం, నేనే రాశాను' అని రాసి సంతకం పెట్టింది. అప్పాజీ లాక్కోబోతే రిజిస్టరు చంకలో పెట్టుకుంది.

ఫోన్ మోగింది. అంబులెన్స్ డ్రైవరు గేటు దగ్గరున్నాడు. గెస్టు కారు వచ్చేదాకా ఏ బండినీ వదలొద్దని వాచ్‌మన్‌కి ఆర్డరట. "మీ మనిషి స్ట్రెచరు కూడా దింపనివ్వట్లేదమ్మా," అన్నాడు.

గది మూల కొత్త స్ట్రెచరు ఉంది, చక్రాలది. గెస్టు గారు ప్రారంభించడానికి దానికి ఎర్ర రిబ్బను కట్టారు. వెంకటదుర్గ ఇందాకటి కత్తెరే తీసుకుని రిబ్బను కత్తిరించింది.

"అయ్యో, అది గెస్టు గారు..." అంటున్నాడు అప్పాజీ.

"పట్టండి అటుపక్క. పట్టరా? అయితే తప్పుకోండి."

కుర్రాణ్ణి చంకల కింద చేతులేసి లాగి దాని మీదకి చేర్చింది. వాడి గుప్పిట్లో నలిగిన కాగితం ఒకటుంది. పాయింట్లు.

గేటుకి దారి పచ్చిక మీంచే. రెండు వందల మంది పిల్లలు చాపల మీద పద్మాసనాలేసుకుని కూర్చున్నారు. స్ట్రెచరు వాళ్ళ వరసల మధ్యకి దిగింది. బోర్లా పడుకున్న కుర్రాడి చెయ్యి కిందికి వేలాడుతోంది. నోట్లోంచి కారుతున్న నెత్తురు ఒకరి చాప మీద పడింది.

వేదిక మీద ప్రిన్సిపాల్ లేచి నిలబడి టీచరు చెవిలో ఏదో చెప్పాడు. "కళ్ళు మూసుకునే ఉండండి," అంది మైకు, గొంతు తడబడుతూ. "ఎవరూ కళ్ళు తెరవకండి."

నిన్న రాత్రి వానకి నేల నానింది. గేటు ఇంకా ఇరవై గజాలుందనగా ముందు చక్రం బురదలో కూరుకుపోయింది. వెంకటదుర్గ తోసింది. కదల్లేదు. నుదుటి నెత్తురు తుడుచుకుని మళ్ళీ తోసింది.

"ఉదయ్, ఒరే, కళ్ళు తెరిచే ఉంచు నాన్నా," అని గట్టిగా అరిచింది.

ఆ అరుపుకి ఆఖరి వరసలో ఒకమ్మాయి కళ్ళు తెరిచింది. స్ట్రెచరు కేసి చూసింది, వేదిక కేసి చూసింది. చాప మీంచి లేచి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చక్రం కింద రెండు చేతులూ పెట్టి పైకెత్తింది.

మైకు కళ్ళు మూసుకోమనే చెబుతోంది.