ముద్దాయిల వృత్తి

జ్ఞానయ్య చేతిలోంచి సుత్తి తీసి నవీన్‌బాబు చేతిలో పెట్టారు. నా కళ్ళతో చూశాను. నేనప్పుడు నిచ్చెన మీద నిలబడి షెడ్డు బోర్డుకు అక్షరాలు వేస్తున్నాను. చూసి కూడా కుంచె ఆపలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరో బయటపెట్టేకంటే.

జగ్గయ్యపేట బైపాస్ దాటి క్వారీ లారీలు తిరిగే రోడ్డు పక్కన కట్టారు ఆ షెడ్డు. రాతి పనివాళ్ళ బాగు కోసమన్నారు. సగం సర్కారు సొమ్ము, సగం హైదరాబాదులో ఏదో ఫౌండేషన్ సొమ్ము. లోపల రాయి కోసే మిషను పెట్టారు. గోడ పొడవునా లావాటి గొట్టాలు బిగించి, రాతి దుమ్మును లాగేసే మిషను కూడా పెట్టారు. పనివాళ్ళ కళ్ళన్నీ ఆ గొట్టాల మీదే. రోళ్ళు, తిరగళ్ళు చేసేవాళ్ళు యాభై చూడరు. దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి పోతారు. జ్ఞానయ్యకు యాభై ఎనిమిది. రాతి పనివాళ్ళ పేటలో ఆ వయసు మగవాడు ఆయనొక్కడే. ఆయన కూడా నాలుగు మాటలకోసారి ఆగి దగ్గుతాడు.

షెడ్డులో కూర్చోవాలంటే చేతివృత్తి కార్డు ఉండాలి. కార్డు రావాలంటే సంఘంలో సభ్యత్వం ఉండాలి. సంఘానికి ప్రెసిడెంటు చెన్నకేశవరావు. గ్రానైటు షోరూము ఆయనది. సుత్తి బరువెంతో ఆయనకు తెలియదు.

ఆ రోజు ఫౌండేషన్ తరఫున అవినాష్ అనే ఆఫీసరు కెమెరా పట్టుకుని వచ్చాడు. ఫోటోకు రాయి కావాలని పిలిపిస్తే, జ్ఞానయ్య సగం తొలిచిన రోలు తెచ్చుకుని షెడ్డులో దాని ముందు కూర్చుని ఉన్నాడు.

"తాతగారూ, మీరు ఫ్రేములోంచి కాస్త తప్పుకోండి. మెంబర్లు మాత్రమే ఉండాలి," అన్నాడు అవినాష్.

"ఒరే జ్ఞానయ్యా, ఆ సుత్తీ ఉలీ ఇటియ్యి. మా నవీన్ కూర్చుంటాడు," అన్నాడు చెన్నకేశవరావు. నవీన్‌బాబు ఆయన బావమరిది.

"రోలు నాదండి."

"నీదేలేరా, ఎవడు కాదన్నాడు. ఫోటో దిగిందాకా."

నవీన్‌బాబు ఉలిని పెన్ను పట్టినట్టు పట్టుకున్నాడు. ఒక్క దెబ్బ వేశాడు. రోలు అంచు పెచ్చుగా లేచిపోయింది. పది రోజుల పని. జ్ఞానయ్య వంగి ఆ పెచ్చు ఏరుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"సూపర్ సార్, అలాగే ఉండండి," అన్నాడు అవినాష్.

నేను బోర్డు మీద పేర్లు వేస్తున్నాను. సంఘం సభ్యులు ముప్ఫయి ఒక్క మంది. రాతిశిల్పి నవీన్‌బాబు. రాతిశిల్పి శ్యామలాదేవి. ఈమె చెన్నకేశవరావు భార్య. ఆవిడ వంటింట్లో మిక్సీ ఉంది, గ్రైండరు ఉంది, రోలు మాత్రం లేదు. చివరి దాకా వేశాను. రాయి కొట్టేవాడి పేరు ఒక్కటి తగల్లేదు.

ఇక నా సంగతి. నాది నందిగామ. ఏడో తరగతిలో బడి మానేశాను. అక్షరం గోడల మీద నేర్చుకున్నాను. ఒకప్పుడు బస్టాండు సెంటర్లో ప్రతి కొట్టు బోర్డూ నా చేతి మీదుగా పోయింది. ఫ్లెక్సీ వచ్చాక మేం పదకొండు మంది పెయింటర్లం సున్నాలు వేసుకుంటూ బతికాం. అలాంటప్పుడు చెన్నకేశవరావు మమ్మల్ని పిలిచి కుర్చీలు వేయించాడు. టీ తెప్పించాడు. "మీరు కళాకారులయ్యా. ఆ రాళ్ళు కొట్టేవాళ్ళు కూలీలు. కార్డులిచ్చే విజయవాడ ఆఫీసులో రెండూ కలిపేస్తున్నారు. మీరొక మాట రాసిస్తే ముందు మీకు కార్డులొస్తాయి," అన్నాడు. కాగితం తయారుగానే ఉంది. రోళ్ళు, తిరగళ్ళు చేయడం శిల్పం కిందికి రాదని, అది క్వారీ కూలి పనేనని కళాకారులుగా మేం ధ్రువీకరిస్తున్నాం అని ఉంది అందులో. పదకొండు మందిమీ సంతకాలు పెట్టాం. ఆ కాగితం చూపించి ఆఫీసులో రాతి పనివాళ్ళ అర్జీలు ముప్ఫయి ఒకటీ కొట్టేశారు. మాకు కార్డులు రాలేదు. నాకు ఆ బోర్డు పని వచ్చింది.

రోలు పెచ్చు లేచిన మధ్యాహ్నమే రాతి పనివాళ్ళ పేటకు వెళ్ళాను. నీలం ప్లాస్టిక్ పట్టా కింద అందరూ కూడి ఉన్నారు. కృపాజ్యోతి ఖమ్మం వైపు నుంచి తెచ్చిన నల్లరాయి మీద ఉలి ఆడిస్తూనే మాట్లాడుతోంది. ఆమె భర్త నలభై మూడేళ్ళకు దుమ్ముతో పోయాడు. ఆయన సుత్తి ఆమె ఎత్తుకుంది.

"వచ్చాడమ్మా ఆర్టిస్టు. ఎవరన్నా కుర్చీ ఎయ్యండి, కింద కూర్చుంటే ప్యాంటుకు దుమ్మంటుద్ది," అంది.

"కృపమ్మా, మీ అర్జీలు పోయింది మా కాగితం వల్ల. దాని మీద నా సంతకం కూడా ఉంది."

సుత్తుల చప్పుడు ఆగింది. వీరేంద్ర లేచాడు. ముప్ఫయి ఏళ్ళవాడు, అప్పుడే దగ్గు మొదలైంది. "ఏ చేత్తో పెట్టావ్?"

కుడి చెయ్యి చూపించాను.

"ఆ చేత్తోనేగా ఇవాళ ఆళ్ళ పేర్లు కూడా రాసొచ్చింది."

"కూర్చోరా వీరేంద్రా," అన్నాడు జ్ఞానయ్య దగ్గు ఆపుకుంటూ. "ఈయన్ని కొడితే కార్డొచ్చుద్దా?"

కృపాజ్యోతి నా వైపు తిరిగింది. "ఎందుకు పెట్టావన్నా?"

"మమ్మల్ని కళాకారులన్నాడు."

ఎవరో నవ్వారు. తర్వాత పట్టా కింద అందరూ నవ్వారు. వీరేంద్ర కొట్టి ఉంటే బాగుండేది.

"మమ్మల్ని కూలోళ్ళన్నాడు, మిమ్మల్ని కళాకారులన్నాడు. పనికి పిలిచేటప్పుడు మాత్రం ఇద్దర్నీ ఒరేయ్ అనేగా పిలిచేది," అంది కృపాజ్యోతి.

నేను బడిలో నేర్చుకోనిది ఆ మాటలో నేర్చుకున్నాను. చదువుకునే పిల్లలు ఇది చదివితే, ఆ మాట దగ్గర కాసేపు ఆగమని అడుగుతున్నాను.

వాదన మొదలైంది. కలెక్టరుగారికి ఇంకో అర్జీ పెడదామన్నాడు జ్ఞానయ్య.

"ఆరు పెట్టాం పెదనాన్నా. ఏడోది పెడితే ఆరింటికి తోడుంటుద్ది, అంతే," అన్నాడు వీరేంద్ర. "శుక్రవారం ప్రారంభోత్సవం. ఆ లోపల షెడ్డు తగలబెడదాం."

"గొట్టాలు కూడా తగలబడతాయి. మా ఆయన పోయింది అయ్యి లేకే. మనకోసం పెట్టినయ్యి మనమే కాల్చుకుంటామా?" అంది కృపాజ్యోతి. "మన రాళ్ళు ముప్ఫయి ఒకటి ఎగ్జిబిషనుకని పట్టుకెళ్ళారు. ఆళ్ళ పేర్ల చీటీలు కట్టారు. శుక్రవారం పోదాం. ఎవడి రాయి ఆడు తీసుకుందాం. బయటికి తేవద్దు. ఆడనే కూర్చుని పని చేద్దాం."

"మన రాయని రుజువేంటి?" అన్నారెవరో.

"కింద చూస్తే సరిపోలా."

వాళ్ళ పద్ధతి నాకు అప్పుడు తెలిసింది. రోలు పూర్తయ్యాక తిరగేసి, అడుగున తమ ఇంటి గుర్తు ఉలితో వేస్తారు. ఒకరికి మూడు గీతలు, ఒకరికి చేప, ఒకరికి నెలవంక. రోలు పగిలితే కొన్నవాళ్ళు ఆ గుర్తు చూసుకుని ఆ ఇంటికే వస్తారు. మారు మాట్లాడకుండా కొత్తది ఇచ్చి పంపాలి. తాతల నాటి కట్టుబాటు. సంతకం పైన అందరికీ కనపడేలా పెట్టుకునేవాణ్ణి నేను. తప్పు జరిగితే పట్టుకోవడానికి సంతకం పెట్టేవాళ్ళు వీళ్ళు.

నాకు మూడు రోజులు దొరికాయి. నందిగామలో పెయింటర్ల ఇళ్ళకు తిరిగాను. పాత కాగితం తప్పని కొత్త కాగితం రాయించాను. ఏడుగురు సంతకం పెట్టారు. నలుగురు తలుపు తియ్యలేదు. కీసర టోల్‌గేటు దగ్గర రోడ్డు వారన రోళ్ళు అమ్ముకునేవాళ్ళకు, కంచికచర్లలో తిరగళ్ళు చేసి గంట్లు పెట్టేవాళ్ళకు కబురు చెప్పాను. "చూద్దాంలే," అన్నారు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. నేనూ జీవితమంతా అదే అన్నాను.

శుక్రవారం షెడ్డు ముందు షామియానా వేశారు. విజయవాడ నుంచి కార్డుల ఆఫీసరుగారు వచ్చారు. తెల్లగుడ్డ పరిచిన బల్లల మీద రాళ్ళు, ప్రతి రాయికీ చీటీ. ముప్ఫయి ఒక్క మంది లోపలికి నడిచారు. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. కృపాజ్యోతి శ్యామలాదేవి పేరున్న రోలు దగ్గర ఆగి, వీరేంద్ర సాయంతో దాన్ని పక్కకు వాల్చింది. అడుగున చేప ఉంది.

"ఇది మా ఇంటి గుర్తండి. శ్యామలాదేవిగారూ, మరి మీ గుర్తేంటండి?"

శ్యామలాదేవి మొగుడి వైపు చూసింది. చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"మర్యాదగా బయటికి పొండి. లేబర్ని లోపలికి రానిచ్చిందెవర్రా?" అన్నాడు చెన్నకేశవరావు.

"గుర్తులూ గీతలూ డాక్యుమెంట్లు కావమ్మా," అన్నారు ఆఫీసరుగారు. "రికార్డు ప్రకారం మీరు కూలీలు. శిల్పులని ప్రభుత్వ కాగితం ఒక్కటి తీసుకురా, నేనే కార్డిస్తా."

నేను కొత్త కాగితం ఇచ్చాను. మీరెవరో ప్రైవేటు మనుషులంటూ మడిచి టీ కప్పు కింద పెట్టుకున్నారు. అవినాష్ వాచీ చూసుకుని, ఇది లోకల్ ఇష్యూ అని, తమకు సంబంధం లేదని అన్నాడు.

కృపాజ్యోతి రోలును నేల మీదికి దించుకుంది. కొంగు బిగించి కూర్చుంది. మొదటి దెబ్బ ఆమెదే. తర్వాత ఒక్కొక్కరూ తమ రాయి వెతుక్కుని, చీటీ తెంపి కింద కూర్చున్నారు. ముప్ఫయి ఒక్క సుత్తులు లేచాయి. వీరేంద్ర గోడ దగ్గరకు పోయి దుమ్ము మిషను ఆన్ చేశాడు.

రాళ్ళ మీద నుంచి లేచిన తెల్లటి దుమ్ము ముఖాల దాకా రాలేదు. పక్కకు తిరిగి గొట్టాల్లోకి పోయింది. జ్ఞానయ్య పని ఆపి, నోరు తెరుచుకుని ఆ దుమ్ము పోయే దారిని చూస్తూ కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు ఆయన దగ్గలేదు. నలభై ఏళ్ళ పనిలో ఆయనకు దొరికిన గాలి ఆ ఇరవై నిమిషాలదే. తర్వాత చెన్నకేశవరావు మెయిన్ ఆఫ్ చేయించి పోలీసులకు ఫోన్ చేశాడు. సంఘం వస్తువులు దొంగతనం చేస్తున్నారని ఫిర్యాదు. తాము చేసిన రాళ్ళను తామే దొంగిలించారని.

రెండు ట్రిప్పుల్లో స్టేషనుకు చేర్చారు. నన్ను ఎక్కించుకోలేదు. నేనే ఆటోలో వెళ్ళి వరసలో నిలబడ్డాను. ఎస్సై కాగితాలు ముందేసుకున్నాడు.

"పేరు?"

"జ్ఞానయ్యండి."

"వృత్తి... కూలీ."

"కాదండి. రాతిశిల్పి."

"కంప్లయింటులో కూలీలని ఉంది."

"కూలీ అని రాస్తే మాలో ఎవరి వేలూ ఆ కాగితం మీద పడదు సార్," అంది వెనక నుంచి కృపాజ్యోతి.

"కేసు పెట్టేటప్పుడు ఏదైతే ఏంటమ్మా?"

"ఏదైతే ఏంటంటున్నారుగా. శిల్పి అనే రాయండి."

ఎస్సై వరస చివరి దాకా చూశాడు. లాఠీ వైపూ చూశాడు. ఎవరూ కదల్లేదు. రాశాడు.

"ఓసారి చదవండి సార్," అన్నాడు జ్ఞానయ్య.

"జ్ఞానయ్య, యాభై ఎనిమిదేళ్ళు, వృత్తి రాతిశిల్పి."

"స్టాంపు కూడా వెయ్యండి. విజయవాడ ఆఫీసులో అడుగుతున్నారు."

వరస నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను. ఆ మాట సర్కారు కాగితం మీద పడటం అదే మొదలు. దొంగలుగా పట్టుకున్నాక గానీ వాళ్ళను శిల్పులుగా రాయలేదు ఈ రాజ్యం. ముప్ఫయి ఒక్క సార్లు రాశాక ఎస్సై నన్ను చూశాడు.

"నీ మీద కంప్లయింటు లేదు. పో."

"దొంగతనం ముందు చేసింది నేనండి. వీళ్ళ పేరు దొంగిలించి సంతకం పెట్టాను."

"దానికి సెక్షన్ లేదు."

"అయితే ఏ సెక్షన్ ఉందో అదే వేసి రాయండి. బోర్డులు రాస్తాను. వీళ్ళతోనే ఉన్నాను."

అప్పుడే గేటు బయట ట్రాలీ ఆటోలు ఆగాయి. స్టేషను సంగతి ఫోన్లలో తెలిసి వచ్చిన కీసర వాళ్ళు, వాళ్ళ వెనక కంచికచర్ల ఆడవాళ్ళు. భుజాన సంచుల్లో ఉలులు, సుత్తులు. కానిస్టేబులు అడ్డం వచ్చేలోపే స్టేషను వాకిలి నిండిపోయింది. ముందున్న ముసలామె ఎస్సై బల్ల దాకా వచ్చి చెయ్యి ఆనించింది.

"ఈడ మా వృత్తి రాస్తున్నారంటగా. మాది కూడా రాయండి బాబూ. తిరగళ్ళు చేస్తాం."

"ఇది అరెస్టుల కాగితమమ్మా. మీరేం చేశారు?"

ఆమె వెనక్కి తిరిగి తనతో వచ్చిన జనాన్ని ఒకసారి చూసుకుంది.

"ఇంకా ఏం చెయ్యలేదండి," అంది. "రేపు చేస్తాం."