ఇద్దరికీ ఒకటే బిళ్ళ

దర్జీ కొట్టులో కత్తెర ఎక్కడిదక్కడ పడేసి, మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయి, చెల్లెలు రొప్పుతూ వచ్చింది. అక్క ఫోన్లో చెప్పింది రెండే ముక్కలు. "వడ్రంగి వచ్చేశాడే. నువ్వు రాకపోతే ఆ రాక్షసుడు బతికిపోతాడు."

ఒకప్పుడు నాన్నగారి ఈ వీడియో గేముల కొట్టులో కాలు పెట్టే సందుండేది కాదు. ఇప్పుడు ఆటలన్నీ జేబుల్లోకి దూరాయి. ఉన్న మిషన్లను అక్క ఒక్కొక్కటే అమ్మేసింది, మిగిలింది ఇదొక్కటే. కొన్న హోటలాయనకు ఆట అక్కర్లేదట, గ్లాసులు పెట్టుకునే బీరువా కావాలట. ఆ పెట్టె కడుపు ఖాళీ చెయ్యడానికే వడ్రంగి వచ్చాడు. అక్క అమ్మకాన్ని ఎలాగో దిగమింగుకుంది. కానీ ఆటలో కోట మీద రాక్షసుడి వెనక ఒక తలుపుంటుంది. దాని అవతల ఏముందో ఇన్నేళ్ళలో అక్కాచెల్లెళ్ళు చూడనే లేదు. ఇవాళ చూడకపోతే ఇక లేదు.

ఒక్కతే ఆడుకోవచ్చుగా అంటారేమో. అదంతా నాన్నగారి పిసినారితనం పుణ్యం. సొంత కొట్టయినా మిషన్లో వేసే బిళ్ళ ఇద్దరికీ కలిపి ఒకటే ఇచ్చేవారు. అందుకని జాయ్‌స్టిక్ చెల్లెలు పట్టుకుంది, బటన్లు అక్క తీసుకుంది. అలాగే పెరిగారు. విడివిడిగా ఆడితే ఇద్దరూ మొదటి మెట్టు మీదే చస్తారు.

వడ్రంగి సంచి కింద పెట్టి తెర మీద ఎక్కువ పాయింట్లు కొట్టినవాళ్ళ పట్టిక చూశాడు. "ఏ ఏ ఏ. వీడింకా పైనే ఉన్నాడా? చిన్నప్పుడు వీణ్ణి దాటలేక ఏడ్చేవాణ్ణి. ఎవడమ్మా వీడు?"

అక్కాచెల్లెళ్ళు మొహామొహాలు చూసుకున్నారు. బాగా ఆడినవాళ్ళు పట్టికలో పేరుకి మూడు ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకోవచ్చు. జాయ్‌స్టిక్‌తో అక్షరం తిప్పాలి, బటన్‌తో ఖాయం చెయ్యాలి. అక్క అక్షరాలకు చెల్లెలు తిప్పేది కాదు, చెల్లెలి అక్షరాలకు అక్క నొక్కేది కాదు. జుట్లు పట్టుకునేలోగా గడువైపోయి, మిషను తనంతట తనే ఏ ఏ ఏ అని పడేసేది.

బిళ్ళ లోపల టంగుమంది. అక్క వేళ్ళు ఏమీ మరిచిపోలేదు. మెట్లు, మంటలు, ఊగే వంతెన. "దూకవే," అంది చెల్లెలు. "నువ్వు నడిపిస్తే కదా దూకేది," అంది అక్క. త్వరగా కానివ్వమన్న వడ్రంగే కాసేపటికి వాళ్ళ భుజాల మధ్య తల దూర్చి "ఎడమకి, ఎడమకి" అంటున్నాడు. రాక్షసుడు గద ఎత్తాడు. చెల్లెలు ఎప్పుడూ వెనక్కి లాగే చోట ఈసారి ముందుకు తోసింది. అక్క చెప్పించుకోకుండానే నొక్కింది. రాక్షసుడు కూలాడు.

తలుపు తెరుచుకుంది. లోపల నిధి లేదు, రాకుమారి లేదు. ఒక కుర్చీ ఉంది. వాళ్ళు నడిపించిన బుల్లి వీరుడు అందులో కూలబడి చెమట తుడుచుకున్నాడు. అక్కకు ఆనందం పట్టలేక కళ్ళు చెమర్చాయి, నవ్వు కూడా ఆగలేదు.

అంతలో మిషను పేరు అడిగింది. చెల్లెలు గబగబా అక్క అక్షరానికి తిప్పింది. అక్క నొక్కలేదు.

"నొక్కవే."

"నీ అక్షరానికి తిప్పు, నొక్కుతా."

"ఎన్నాళ్ళు పోట్లాడాను నీతో. ఈసారి నీదే పెడతా."

"నా మాట వినవే. నీదే పెట్టు."

గడువు అయిపోయింది. పట్టికలో అన్నిటికన్నా పైన ఏ ఏ ఏ వచ్చి కూర్చుంది.

వడ్రంగి ఆ అక్షరాల వంకా, వీళ్ళ వంకా చూశాడు. చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది. "ఇంతకీ మీ ఇద్దరిలో ఎవరమ్మా అది?"

"ఇదిగో, ఇదే," అని అక్క చెల్లెల్ని చూపించింది. చెల్లెలి వేలు అప్పటికే అక్క వైపు ఉంది.